ఏఎంసీ పేసర్ స్కేల్ మోడల్: గాజు చుట్టూ కారు కట్టే పద్ధతి

పేసర్ కిట్ డబ్బా తెరవగానే చాలామంది చెయ్యి ముందు బాడీ మీదికి వెళ్తుంది. ముందు తీయాల్సింది అద్దాలున్న కవరు. ఈ కారు బయటి ఉపరితలంలో దాదాపు 37 శాతం గాజే. మస్టాంగ్ లాంటి కారులో లోపలి లోపాలు కొన్ని చిన్న కిటికీల వెనక దాగిపోతాయి. పేసర్‌లో సీటు వెనక ఉన్న గుంట కూడా నాలుగు వైపుల నుంచీ కనిపిస్తుంది. అందుకే ఇక్కడ చెప్పే వరస మామూలు కారు కిట్ వరస కాదు. అద్దం సరిగా కూర్చుందని తేలాకే రంగు జోలికి వెళ్లాలి, లోపలి భాగం పూర్తయ్యాకే బాడీ మూయాలి.

పని మొదలయ్యే ముందు తెలియాల్సినవి

అమెరికన్ మోటార్స్ (ఏఎంసీ) ఈ కారును 1975 మోడల్‌గా విడుదల చేసింది. డిజైన్ విభాగం డిక్ టీగ్ చేతిలో ఉండేది. జనరల్ మోటార్స్ తయారుచేయబోయే రోటరీ ఇంజిన్ (పిస్టన్ల బదులు తిరిగే రోటరుతో నడిచే చిన్న ఇంజిన్) ఇందులో పెట్టాలనుకున్నారు. 1974లో జనరల్ మోటార్స్ ఆ పని పక్కన పెట్టేసింది. దాంతో ఏఎంసీ తన దగ్గరున్న పొడవాటి ఆరు సిలిండర్ల ఇంజిన్‌ను ఇందులో ఇరికించింది. తొలి ఏడాది 1.45 లక్షలకు పైగా తయారైనా తర్వాత గిరాకీ పడిపోయింది. 1979 డిసెంబరులో విస్కాన్సిన్‌లోని కెనోషా ప్లాంటులో తయారీ ఆగిపోయేసరికి మొత్తం దాదాపు 2.8 లక్షలు. జనం దీన్ని చేపల తొట్టి అన్నారు.

ఎక్కువమంది ఇష్టపడని కారు కావడంతో దీనికి విడిగా డెకాళ్లు (నీళ్లలో తడిపి అంటించే సన్నటి బొమ్మలు), లోహపు అదనపు భాగాలు అమ్మేవాళ్లు చాలా తక్కువ. డబ్బాలో లేనిది మీరే చేసుకోవాలి. కాబట్టి అప్పటి కంపెనీ బ్రోచర్ల బొమ్మలు కనీసం అయిదారు దగ్గర పెట్టుకోండి: ముందు, వెనక, రెండు పక్కలు, డాష్‌బోర్డు, తెరిచిన బానెట్.

కిట్ 1:25 స్కేలు. ఏఎంటీ అనే కిట్ల కంపెనీ పేరుతో పేసర్ హ్యాచ్‌బ్యాక్, వ్యాగన్ రెండూ వచ్చాయి. వ్యాగన్ అసలు కారులో 1977లోనే మొదలైంది. 1975 నుంచి 1977 దాకా బానెట్ చదునుగా, గ్రిల్ చిన్నగా ఉంటాయి. 1978లో వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ పట్టడానికి బానెట్ మధ్యలో ఉబ్బెత్తు వచ్చింది, గ్రిల్ ఎత్తు పెరిగింది. మీ దగ్గరున్న బాడీ ఏ ఏడాదిదో చూసి, ఆ ఏడాది ఫొటోలనే వాడండి. అందరూ జారే చోటు ఇదే.

స్కేలు కొలతలు ఒక కాగితం మీద రాసి బల్ల ముందు అంటించుకోండి. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 100 అంగుళాలు, అంటే మోడల్‌లో 101.6 మి.మీ. వెడల్పు 77 అంగుళాలు, మోడల్‌లో 78 మి.మీ. ఇక ఈ కారుకే ప్రత్యేకమైన కొలత ఒకటుంది: ప్రయాణికుడి వైపు తలుపు డ్రైవర్ తలుపు కంటే 4 అంగుళాలు పొడవు. వెనక సీటులోకి ఎక్కేవాళ్లు రోడ్డు వైపు కాకుండా ఫుట్‌పాత్ వైపు నుంచి ఎక్కాలని అలా చేశారు. మోడల్‌లో ఆ తేడా 4 మి.మీ. అమెరికాలో డ్రైవర్ కూర్చునేది ఎడమ వైపు, కాబట్టి పొడుగు తలుపు కుడి వైపుది. మన రోడ్ల అలవాటులో కుడి అంటే డ్రైవర్ అనుకుని రెండు వైపులూ తారుమారు చేయకండి. ఒక వైపు గీత కొలిచి రెండో వైపు అదే కొలత దించడం మిగతా కార్లకు మంచి పద్ధతి, పేసర్‌కు మాత్రం అది తప్పు.

కావాల్సినవి

సైడ్ కట్టర్, సన్న బ్లేడు హాబీ నైఫ్, కొత్త బ్లేడ్లు కనీసం 5, సన్న పళ్ల రంపం. వాటర్ పేపర్ 400, 600, 1000, 2000, 3000 నంబర్లు ఒక్కో షీటు. ఇవి కార్లకు రంగులేసే షాపులకు సరుకు అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. ప్లాస్టిక్ మోడల్ సిమెంటు, సూపర్ గ్లూ, ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు. మోడల్ పుట్టీ. 0.25 మి.మీ., 0.5 మి.మీ. స్టైరీన్ షీట్లు. సన్న మాస్కింగ్ టేపు. అంటించే క్రోమ్ ఫాయిల్ ఒక షీటు. బూడిద రంగు ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత), బాడీ రంగు, గ్లాస్ క్లియర్ (మెరిసే పారదర్శక పూత).

విదేశాల నుంచి కిట్ తెప్పిస్తుంటే దానితోపాటు స్ప్రే క్యాన్లు ఆర్డర్ చేయకండి. ఒత్తిడితో నింపిన, మండే సరుకు కాబట్టి మామూలు విమాన పార్సిల్‌లో అనుమతించరు. కిట్ అక్కడిది, రంగులు ఇక్కడివి అనుకోవడం మేలు.

1. టైర్లను వేరు చేయడం, కడగడం

టైర్లు మెత్తటి వినైల్‌వి. వినైల్‌ను మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం మెల్లగా బయటికి ఊరుతుంది, అది తగిలిన పాలిస్టైరీన్ కరుగుతుంది. పాత కిట్లలో గాజు ముక్క మీద టైరు ఆకారంలో గుంట పడి ఉండేది అందుకే. పేసర్ గాజు మీద అలాంటి మచ్చ పడితే మీకు వేరే దారి ఉండదు. డబ్బా తెరిచిన రోజే టైర్లను విడి పాలిథిన్ కవరులో పెట్టండి. చివర్లో చక్రానికి తొడిగే ముందు రిమ్ము అంచుకు రంగో, పలచటి ఫాయిలో ఉండేలా చూడండి.

మిగతా భాగాలను గోరువెచ్చటి నీళ్లలో రెండు మూడు చుక్కల గిన్నెల సబ్బు వేసి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడగండి. అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు పోకపోతే రంగు చేప కళ్లలా గుండ్రగా చీలిపోతుంది. క్రోమ్ భాగాలను రుద్దొద్దు, ముంచి తీస్తే చాలు. అద్దాలను విడిగా, చేత్తోనే కడగండి.

2. అద్దం సరిచూడడం

అద్దాన్ని, భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము నుంచి కట్టర్‌తో కత్తిరించకండి. నొక్కుడుకు పారదర్శక ప్లాస్టిక్ లోపలికి తెల్లగా పగులు పాకుతుంది, ఆ పగులు మళ్లీ పోదు. రంపంతో అంచుకు 2 మి.మీ. దూరంలో కోసి, మిగిలింది 400 పేపర్‌తో అరగదీయండి.

ఇప్పుడు ఖాళీ బాడీలోకి లోపలి నుంచి అద్దాన్ని దూర్చి చూడండి. కిటికీకి ఎదురుగా దీపం పెట్టి, ఎక్కడ వెలుతురు సందు కనిపిస్తోందో, ఎక్కడ అద్దం ఎత్తి కూర్చుందో పెన్సిల్‌తో బాడీ లోపలి వైపు గుర్తు పెట్టుకోండి. బాడీ పక్కలు లోపలికి వంగి ఉంటే వెనక మూలలు పట్టేస్తాయి. అరగదీయాల్సింది బాడీ లోపలి అంచునే కానీ అద్దాన్ని కాదు. ప్రైమర్, రంగు, క్లియర్ కలిసి కిటికీ అంచున చిన్న మందం పేరుస్తాయి. అందుకని ఇప్పుడు అద్దం బిగుతుగా కాకుండా వెంట్రుకవాసి వదులుగా కదలాలి. ఈ పని రంగు తర్వాతకు వాయిదా వేస్తే, చివరి రోజు అద్దాన్ని బలవంతంగా నొక్కాల్సి వస్తుంది. అప్పుడు సన్నటి కిటికీ స్తంభం విరుగుతుంది.

గీతలుంటే 2000, 3000 నంబర్లు నీళ్లతో రుద్ది, కారు రబ్బింగ్ కాంపౌండ్‌తో మెత్తటి గుడ్డ మీద మెరుగు పెట్టండి. ఒక దిక్కులో రుద్దాక తర్వాతి నంబరు దానికి అడ్డంగా రుద్దితే పాత గీత పోయిందో లేదో తెలుస్తుంది. మెరుగు తర్వాత నీళ్లలో కలిసే యాక్రిలిక్ గ్లాస్ క్లియర్‌లో ముంచి తీయండి. కింది అంచును టిష్యూకు ఆనించి అదనపు చుక్క లాగేసి, పైన ఖాళీ డబ్బా బోర్లించి 24 గంటలు వదలండి. తర్వాత మెత్తటి కాగితంలో చుట్టి పక్కన పెట్టేయండి.

3. బాడీ గీతలు

అచ్చు రెండు భాగాలు కలిసిన చోట సన్నటి గీత ఉంటుంది. రెక్కల (చక్రాల మీది బాడీ భాగాల) పైన, కిటికీ స్తంభాల మీదుగా వెళ్తుంది. బ్లేడును నిలువుగా పట్టి గీకి, 400, 600 పేపర్లతో సాపు చేయండి. గుంటలుంటే పుట్టీ పలచగా రెండు సార్లు పెట్టండి. మందంగా ఒకేసారి పెడితే లోపల ఆరక, రంగు వేశాక నెలకు కుంగుతుంది.

తలుపు గీతలు పాత అచ్చుల్లో లోతు తక్కువ. రంగు పడగానే నిండిపోతాయి. బ్లేడు వెన్నుతో, మందపాటి టేపు అంచు ఆధారంగా, నొక్కకుండా అయిదారు సార్లు లాగండి. పేసర్ తలుపు పై అంచు కిటికీ దగ్గర ఆగదు, కప్పు మీదికి వంగి వెళ్తుంది. ఆ వంపులో గీత తప్పిపోతే తలుపు కప్పుకు అతికించినట్టు కనిపిస్తుంది, కారు పోలికే మారిపోతుంది. వంపు మీద టేపును 2 మి.మీ. పీలికలుగా కోసి వాడితే ముడతలు పడవు. బ్లేడు జారితే ఆ గీతలో సూపర్ గ్లూ చుక్క వేసి అరగంటలోపు అరగదీయండి. మర్నాటి దాకా వదిలితే గ్లూ ప్లాస్టిక్ కంటే గట్టిపడి, చుట్టూ ప్లాస్టిక్ అరిగి గ్లూ మాత్రం గట్టులా మిగులుతుంది.

4. లోపలి భాగం

ఎక్కువ రోజులు కేటాయించాల్సింది ఇక్కడే. తలుపు లోపలి పలకల మీద, సీట్ల వెనక అచ్చు పిన్నులు వదిలిన గుండ్రటి గుర్తులు ఉంటాయి. ఒక్కోదాన్ని పుట్టీతో నింపండి. ముందు సీట్లకు వెనక భాగం డొల్లగా ఉంటే 0.25 మి.మీ. షీటును ఆ ఆకారంలో కోసి మూయండి. హ్యాచ్ (వెనక తలుపు) అద్దంలోంచి చూసేవారికి మొదట కనిపించేది అదే.

లోపలికి ఒకే రంగు మూడు ఛాయల్లో వేయండి. గోధుమ రంగు తీసుకుంటే, తివాచీ అన్నిటికంటే ముదురు, మ్యాట్. సీట్లు, తలుపు పలకలు మధ్యస్థం, కాస్త మెరుపు ఉన్న శాటిన్. డాష్‌బోర్డు పైభాగం లేత మ్యాట్. అన్నీ ఒకే డబ్బాలోని రంగుతో నింపితే లోపలంతా ఒకే ప్లాస్టిక్ ముద్దలా ఉంటుంది. తివాచీ కోసం తడి రంగు మీద టాల్కమ్ పౌడరు సన్నటి జల్లెడతో చల్లి, ఆరాక ఊదేసి, పైన అదే రంగు పలచగా మరోసారి వేయండి.

సీటు బెల్టు అసలు వెడల్పు దాదాపు 2 అంగుళాలు, మోడల్‌లో 2 మి.మీ. రంగేసిన మాస్కింగ్ టేపును ఆ వెడల్పుకు కోసి, సీటు మీద కాస్త సడలి పడేలా అంటించండి. మీటర్లకు నలుపు వేసి, ఎత్తుగా ఉన్న అంకెల మీద దాదాపు పొడిబారిన తెల్ల కుంచెను తాకించి తాకించనట్టు లాగండి. ఒక్కో మీటరులో గ్లాస్ క్లియర్ చుక్క పెడితే అది మీటరు అద్దమవుతుంది.

5. ఇంజిన్

232 లేదా 258 ఘనపు అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్. రోటరీ కోసం వదిలిన చోటులో ఈ పొడుగు ఇంజిన్ కూర్చోవడంతో దాని వెనక కొస ముందద్దం కిందికి పోతుంది. పైనుంచి దించాలని చూడకండి. చాసిస్ మీద బిగించి కింద నుంచే బాడీలోకి ఎక్కించాలి. ఈ కాలపు ఏఎంసీ బ్లాకు రంగు నీలం.

వైర్లు పెట్టాలనుకుంటే అసలు ప్లగ్ వైరు 7 మి.మీ. మందం, స్కేలుకు దాదాపు 0.3 మి.మీ. మొత్తం 7 వైర్లు: ప్లగ్గులకు 6, కాయిల్‌కు 1. డిస్ట్రిబ్యూటర్, ప్లగ్గులు కుడి వైపు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ ఎడమ వైపు. ఫైరింగ్ వరస (సిలిండర్లు మండే క్రమం) 1-5-3-6-2-4. బానెట్ మూసి ఉంచేటట్టయితే ఈ శ్రమను లోపలి భాగానికి మళ్లించడం నయం.

6. రంగు

ప్రైమర్ తప్పనిసరి. పాత ప్లాస్టిక్ మీద ల్యాకర్ నేరుగా కొడితే ఉపరితలం ఎండిన చెరువులా పగుళ్లిస్తుంది. క్యాన్‌ను గోరువెచ్చటి నీళ్లలో అయిదు నిమిషాలు ఉంచి వాడండి, ఒత్తిడి సమంగా వస్తుంది. పొయ్యి దగ్గరికి మాత్రం తీసుకెళ్లొద్దు. 20 నుంచి 25 సెం.మీ. దూరంలో, బాడీకి బయట నొక్కడం మొదలుపెట్టి బయటే వదలండి. మొదటి రెండు పూతలు పొగమంచులా, 10 నిమిషాల ఎడంతో. మూడోది తడిగా, మెరిసేలా.

వానాకాలంలో, ముఖ్యంగా కోస్తా జిల్లాల్లో, ల్యాకర్ తెల్లబారుతుంది. ద్రావకం ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరిస్తే గాలిలోని తేమ రంగు మీద పేరుకోవడమే కారణం. గాలిలో తేమ 70 శాతం దాటిన రోజు క్యాన్ ముట్టుకోకండి. అప్పటికే తెల్లబారి ఉంటే పొడి రోజున క్లియర్ తడి పూత ఒకటి వేస్తే చాలాసార్లు పోతుంది.

పూర్తిగా ఆరిందో లేదో ముక్కు చెబుతుంది. బాడీని దగ్గర పెట్టుకుని వాసన చూడండి. ద్రావకం వాసన తగిలితే ఇంకా ఆరలేదు. ల్యాకర్‌కు రెండు రోజులు, ఎనామెల్‌కు వారం నుంచి రెండు వారాలు పడుతుంది. తొందరపడి పట్టుకుంటే వేలిముద్ర దిగిపోతుంది. మెరుగు పెట్టేటప్పుడు బానెట్ అంచులు, గీతల అంచులు వదిలేయండి. రంగు అక్కడ పలచన, రెండు రుద్దుళ్లకే ప్రైమర్ బయటపడుతుంది.

వ్యాగన్‌కు పక్కల చెక్క నమూనా కావాలంటే, డబ్బాలో డెకాల్ లేకపోయినా ఇబ్బంది లేదు. ఆ భాగం మాత్రం వదిలి మిగతాదంతా మాస్క్ చేసి లేత గోధుమ రంగు వేయండి. బాగా ఆరాక ముదురు గోధుమ ఆయిల్ రంగును పలచగా పూసి, బిరుసు కుంచెతో ముందు చక్రం నుంచి వెనక్కి ఒకే ఊపులో లాగండి. తలుపు గీత దగ్గర ఆగితే చెక్క ముక్కలైపోయినట్టుంటుంది. నచ్చకపోతే తడిగా ఉండగానే తుడిచి మళ్లీ లాగొచ్చు. మూడు నాలుగు రోజులు ఆరనిచ్చి శాటిన్ క్లియర్ వేయండి.

7. క్రోమ్

కిటికీల చుట్టూ పట్టీలకు ఫాయిల్ వాడండి. కావాల్సినదానికంటే వెడల్పుగా కోసి అంటించి, దూది పుల్లతో గీతలోకి ఒత్తండి. కొత్త బ్లేడుతో బరువు లేకుండా అంచు వెంట లాగండి. ఫాయిల్ చిరుగుతోందంటే బ్లేడు మొద్దుబారినట్టే. ఒక్కో కిటికీకి కొత్త బ్లేడు పెట్టుకోవడం వృథా కాదు.

గ్రిల్ క్రోమ్ ఎప్పుడూ అతిగా మెరుస్తుంది, లోతు కనిపించదు. పలచటి నల్ల ఎనామెల్ సందుల్లోకి పారించి, పైభాగాలను తుడిచేయండి. కిట్ క్రోమ్‌పై అచ్చు గీత మరీ ఎత్తుగా ఉంటే ఇంటి బ్లీచ్ ద్రవంలో అరగంట వేస్తే పూత ఊడిపోతుంది. గాలి ఆడే చోట, గ్లవ్స్ వేసుకుని చేయండి. తర్వాత గీత సాపు చేసి వెండి క్రోమ్ రంగు వేసుకోవచ్చు.

8. చాసిస్, చక్రాలు

ముదురు బూడిద కలిసిన నలుపు, శాటిన్. సైలెన్సర్ గొట్టాలు చాసిస్‌తోనే అచ్చు వేసి ఉంటే కుంచెతో వాటికి ఉక్కు రంగు వేసి, కింద నీడగా నలుపు పారించండి. విడి భాగమన్న భ్రమ కలుగుతుంది.

చక్రాలు జిగురు లేకుండా తొడిగి చదునైన గాజు పలక మీద నిలబెట్టండి. నాలుగు టైర్ల కింద నాలుగు కాగితం పీలికలు పెట్టి లాగితే, ఏది తేలికగా వస్తే ఆ చక్రం గాలిలో ఉన్నట్టు. ఇరుసు రంధ్రాన్ని పైకో కిందికో సాగదీసి సరిచేయండి. తర్వాత ముందు నుంచి చూడండి. ఇంత వెడల్పు కారులో చక్రాలు రెక్కల లోపలికి పోతే బండి బల్ల మీద పెట్టిన గిన్నెలా కనిపిస్తుంది. రిమ్ము వెనక 0.5 మి.మీ. షీటు ముక్కలు పేర్చి, టైరు బయటి గోడ రెక్క అంచుకు కొంచెం లోపల ఉండేలా తెండి.

9. మూయడం

ముందు అద్దం. దూది గ్లవ్స్ వేసుకోండి. తెల్ల జిగురు సూది మొనతో బాడీ లోపలి అంచుకు, కప్పు వైపు నాలుగైదు చుక్కలు పెట్టండి. సూపర్ గ్లూ ఇక్కడ నిషిద్ధం. దాని ఆవిరి అద్దం మీద తెల్లటి మసకగా పేరుకుంటుంది, అదీ మర్నాడు గానీ కనిపించదు. మోడల్ సిమెంటు అయితే నేరుగా అద్దాన్నే తినేస్తుంది. తెల్ల జిగురు ఎక్కువైనా తడి దూదితో తుడిస్తే పోతుంది, ఆరితే పారదర్శకం.

12 గంటల తర్వాత, లోపలి భాగం ఎక్కించే ముందు అద్దం లోపలి వైపు తడి దూదితో తుడవండి. పొడి గుడ్డతో రుద్దితే స్థిర విద్యుత్తు పుట్టి చుట్టుపక్కల దుమ్మంతా వచ్చి అంటుకుంటుంది. టార్చి లైటు పక్క నుంచి వేసి, ఒక్కో కిటికీ చూడండి. వెంట్రుక, ఫాయిల్ తునక, వేలిముద్ర ఏదున్నా ఇప్పుడే తీయాలి. ఒకసారి మూశాక లోపలికి దారి లేదు.

బాడీ కింది అంచుల మీద మాస్కింగ్ టేపు అంటించి, రెండు పక్కలనూ బొటనవేళ్లతో ఒక్కో మిల్లీమీటరు విప్పుతూ లోపలి తొట్టిని, తర్వాత చాసిస్‌ను ముందు కొస నుంచి ఎక్కించండి. ఇంజిన్ వెనక కొస ముందద్దం కింద దూరాకే వెనక భాగం దించాలి. వెనక నుంచి మొదలుపెడితే డాష్‌బోర్డు అద్దానికి తగిలి దాన్ని ఊడదీస్తుంది. పట్టేసినట్టనిపిస్తే నొక్కకండి, వెనక్కి తీసి ఎక్కడ తగులుతోందో చూడండి. చాలాసార్లు అది తలుపు పలక పైఅంచే. అర మిల్లీమీటరు అరగదీస్తే దిగిపోతుంది.

ఆఖరున బంపర్లు, దీపాలు, వైపర్లు, పక్క అద్దాలు. వీటికీ తెల్ల జిగురే చాలు.